క్యాబేజీ ఉండగా బ్రెడ్డెందుకు?

ఏటా సెప్టెంబరు వచ్చేసరికి జర్మనీకి చదువుకు బయల్దేరే పిల్లల తల్లుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. స్టుట్‌గార్ట్‌లో కాపురముంటున్నాను కదా, నాకు తెలుస్తుందని వాళ్ల ఆశ. "మావాడు మాంసం ముట్టడమ్మా, అక్కడ బ్రెడ్డు తిని బతకాలా?" అని అడుగుతారు. సూట్‌కేసులో పచ్చళ్లు పెట్టండి, వద్దనను. కానీ పంపేముందు పిల్లలకు క్యాబేజీ వేయించడం నేర్పండి.

జర్మన్ల తిండంటే సాసేజీలూ బీరూ అనే మాట మనలో పాతుకుపోయింది. ఇక్కడి ఇళ్లలో మామూలు రోజుల్లో వండుకునే క్యాబేజీ, బంగాళాదుంప, నూడుల్స్ గురించి ఎవరూ చెప్పరు. మా ఊరి విమానాశ్రయం ఉన్నదే ఫిల్డర్ మైదానంలో. అక్కడ పండే మొనదేలిన క్యాబేజీకి, మన బంగినపల్లి మామిడికి 2017లో దక్కినట్టే, యూరోపియన్ యూనియన్ నుంచి 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పంట చేతికొచ్చే అక్టోబరులోనే పిల్లల తరగతులూ మొదలవుతాయి. అంత మంచి కూరగాయ కళ్లెదుటే ఉండగా రెండు నిమిషాల నూడుల్స్‌తో కడుపు నింపుకునే పిల్లల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

క్రౌట్‌నుడెల్న్ అని ఇక్కడొక వంటకం ఉంది. ఇద్దరికి అరకిలో క్యాబేజీ, పావుకిలో వెడల్పాటి నూడుల్స్, పెద్ద ఉల్లిపాయ, 50 గ్రాముల వెన్న చాలు. క్యాబేజీని మన వేపుడుకు తరిగినట్టు సన్నగా తరగకండి. రెండేసి సెంటీమీటర్ల పలకలుగా కోయండి. వెడల్పాటి మూకుట్లో వెన్న కరిగించి, చెంచాడు చక్కెర వేసి, అది తేనెరంగుకు తిరగ్గానే ఉల్లిపాయ ముక్కలు, తర్వాత క్యాబేజీ, ఉప్పు వేయాలి.

మూత పెట్టొద్దు. మనవాళ్లు తప్పేది ఇక్కడే. క్యాబేజీలో నూటికి తొంభై వంతులకు పైగా నీరే. మూత పెడితే ఆ నీటిలోనే ఉడికి, వీధి చివరిదాకా వాసన కొడుతుంది. తెరిచి ఉంచితే మొదట మూకుడు బుడబుడమంటుంది. నీరు ఇగిరిపోయాక ఆ చప్పుడు చిటపటలోకి మారుతుంది. అసలు వంట మొదలయ్యేది అప్పుడే. ముక్కల అంచులు ఎర్రబడి, తీపి బయటికొస్తుంది. మొత్తం అరగంట పడుతుంది. అడుగంటుతుంటే నూడుల్స్ ఉడికించిన నీళ్లు గరిటెడు పోసి గీకండి, ఆ గోకుడులోనే రుచంతా ఉంది. చివర్న నూడుల్స్, మిరియాలపొడి, నాలుగు చుక్కల వెనిగర్.

క్యుమ్మెల్ గింజలు మాత్రం మానొద్దు. చూడ్డానికి జీలకర్రలా ఉన్నా వాసన సోంపుకు దగ్గర. పప్పులో మనం ఇంగువ వేసుకున్నట్టు, కడుపు ఉబ్బరించకుండా వీళ్లు క్యాబేజీలో దీన్ని వేస్తారు. క్యాబేజీతో పాటే చెంచాడు వేయండి.

కొందరు పిల్లలు దీన్లో గరం మసాలా, సోయా సాస్ గుమ్మరిస్తారు. నాకది నచ్చదు. అరగంట నిలబడి రాబట్టిన తీపిని మసాలాతో కప్పేస్తే ఇక ఆ శ్రమెందుకు? ముందు ఒకసారి ఇక్కడివాళ్లు తిన్నట్టు తిని చూడండి. తర్వాత ఎండుమిరప తుంచుకుంటారో, ఆవకాయ నంజుకుంటారో మీ ఇష్టం.

శాకాహారులకు రెండు జాగ్రత్తలు. హోటళ్లలో ఈ వంటకంలో ష్పెక్ అనే పొగబెట్టిన పందిమాంసం ముక్కలు తరచూ వేస్తారు, కాబట్టి అది వద్దని పేరుపెట్టి చెప్పాలి. ఇక్కడి నూడుల్స్‌లో చాలావాటిలో గుడ్డు కలుస్తుంది. పొట్లం మీద "ఐయర్" అని ఉంటే పక్కన పెట్టేసి, ఉత్త గోధుమరవ్వతో చేసినవి తీసుకోవాలి. ఆదివారాలు ఇక్కడ దుకాణాలు మూసేస్తారు. శనివారమే రెండు పూటలకు సరిపడా వండి పెట్టుకుంటే, మర్నాడు కాస్త వెన్నతో మళ్లీ కరకరలాడేలా వేయించుకుని తినొచ్చు.