కొమ్ముల ఫొటో ఒక్కటే చాలా?

ఫొటోగ్రాఫర్ జిమ్మీ నెల్సన్ పుస్తకంలో మన ఏజెన్సీ లేదు. కోయలు లేరు, కొండరెడ్లు లేరు. 2013లో వచ్చిన ‘బిఫోర్ దే పాస్ అవే’లో ముప్పైకి పైగా తెగలు ఉన్నాయి. మన దేశం నుంచి లడఖ్ వాసులకు చోటు దక్కింది. అయినా ఆ పుస్తకం మీద లేచిన రగడ భద్రాచలం చుట్టుపక్కల కెమెరా పట్టే ప్రతి ఒక్కరికీ సంబంధించిందే.

నెల్సన్ 1967లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి చమురు కంపెనీలో భూగర్భ శాస్త్రవేత్త కావడంతో చిన్నతనం దేశాలు తిరగడంతోనే గడిచింది. తర్వాత బోర్డింగ్ స్కూల్. పదహారేళ్లకు జబ్బు చేసి తల మీద వెంట్రుక మిగల్లేదు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి చిన్న కెమెరా పట్టుకుని టిబెట్‌ను కాలినడకన చుట్టబెట్టాడు. చాలాకాలం వాణిజ్య ప్రకటనలకు ఫొటోలు తీశాడు. ఆ తర్వాత డచ్ కోటీశ్వరుడు మార్సెల్ బూకోర్న్ డబ్బు పెట్టడంతో తెగల వెంట పడ్డాడు. పాతకాలపు పెద్ద ప్లేట్ కెమెరా, తెల్లవారుజాము వెలుగు, కొండ అంచున వరసగా నిలబెట్టిన మనుషులు, ఒంటినిండా ఈకలూ పూసలూ. ఆ ఫొటోలు కళ్లు చెదిరేంత అందంగా ఉంటాయి. అందులో అనుమానం అక్కర్లేదు.

గొడవ 2014లో మొదలైంది. ఆదివాసుల హక్కుల కోసం పనిచేసే సర్వైవల్ ఇంటర్నేషనల్ అప్పటి అధిపతి స్టీఫెన్ కోరీ ఈ పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు. ఈక్వెడార్‌లోని వావొరానీలు రోజూ కట్టుకునే బట్టలు ఫొటోల్లో లేవని, పూర్వం వాళ్లు నడుముకు కట్టుకునే తాడు కూడా కనిపించదని ఎత్తిచూపాడు. అంటే అది నేటి బతుకూ కాదు, నిన్నటి బతుకూ కాదు. పశ్చిమ పాపువా నాయకుడు బెన్నీ వెండాకు ఇంకా మండింది. తన దానీ జనాన్ని తలలు నరికే తెగగా చెప్పడం పచ్చి అబద్ధమని, తమను చంపుతున్నది ఇండొనేసియా సైన్యమని అన్నాడు. ఇవి తన కంటికి కనిపించిన రొమాంటిక్ చిత్రాలని నెల్సన్ జవాబిచ్చాడు. తర్వాత పుస్తకాన్ని వెంటబెట్టుకుని కొన్ని తెగల దగ్గరికి మళ్లీ వెళ్లాడు కూడా. ఆ మాత్రం చేసేవాళ్లు ఎందరున్నారు?

ముస్తాబు చేసి నిలబెట్టి తీయడం నేరమేమీ కాదు. తాజ్‌మహల్ పరదా ముందు కుర్చీ వేసుకుని ఫొటో దిగని తాతలు ఏ తెలుగింట్లో ఉన్నారు? నెల్సన్ తప్పు వేరే చోట ఉంది. ఈ మనుషులు వాళ్లంతట వాళ్లే అంతరించిపోతున్నట్టు ఆ పుస్తకం పేరే నమ్మబలుకుతుంది. వావొరానీల అడవిలో చమురు తవ్వినవాళ్లు, పాపువాలో తుపాకీ పట్టినవాళ్లు చట్రం బయటే ఉండిపోయారు. నూరేళ్ల కిందట అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ కూడా ఇదే చేశాడు. 1910లో తీసిన ఒక ఫొటోలో, గుడారంలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఉన్న గడియారాన్ని చెరిపేశాడు.

మన దగ్గర గడియారం చెరిపే పని లేదు, ముందే తీసెయ్యమంటారు. కోయల కొమ్ము నృత్యం చూడండి. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, గవ్వల అంచు, మెడలో పెద్ద డోలు. పెళ్లికీ పండక్కీ కట్టే వేషం అది. ఇప్పుడు మంత్రి హెలికాప్టర్ దిగినా అదే, రిబ్బన్ కత్తిరించినా అదే. మర్నాడు పేపర్లో కొమ్ముల ఫొటో వస్తుంది. ఆ డోలు మోసినవాడి పోడు పట్టా ఏమైందో మాత్రం రాదు. పాపికొండల బోటు పేరంటపల్లి రేవుకు చేరితే మరో తంతు. వెదురు బొమ్మలు అమ్ముకునే కొండరెడ్ల ముందు ఫోన్లు లేస్తాయి. బొమ్మ కొనేవాళ్ల కంటే బొమ్మ తీసుకునేవాళ్లే ఎక్కువ. ఆ ఊరున్న వేలేరుపాడు మండలం పోలవరం ముంపులో ఉందని, 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రకు వెళ్లిందని ఏ సెల్ఫీలో కనిపిస్తుంది?

అదే పేరంటపల్లికి 1941లో ఒక ఆస్ట్రియా మనిషి కెమెరాతో వచ్చాడు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు కాబట్టి శత్రుదేశస్థుడి కింద లెక్క. నిజాం రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చి, ఆ కాలాన్ని చెంచుల, కొండరెడ్ల, గోండుల మధ్య గడిపాడు. 1945లో వచ్చిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’లో పోడు కొట్టడం, కర్రతో నేల పొడిచి విత్తడం, జీలుగు కల్లు గీయడం అన్నీ ఉన్నాయి. కలప, వెదురు వ్యాపారులు రెడ్లను అప్పుల్లో ముంచి చాలీచాలని కూలితో అడవి నరికించిన తీరు కూడా రాశాడు. నిజాం సర్కారుకు నివేదికలిచ్చాడు. గోండులు ఆయన్ని ఇప్పటికీ ఊరికే తలచుకోరు. భార్య బెట్టీ సమాధి ఆసిఫాబాద్ దగ్గరి మార్లవాయిలోనే ఉంది.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. 1936లో నాగా కొండల్లో బ్రిటిషు దండయాత్ర వెంట వెళ్లి, అక్కడి తలకాయలు తెచ్చిన సంగతి ఆయనే రాసుకున్నాడు. ఆ పుస్తకానికి ‘ది నేకెడ్ నాగాస్’ అని పేరు పెట్టాడు. ఈ రోజుల్లో అయితే ఆ పేరుకే నెల్సన్‌ను మించి తిట్లు తినేవాడు. అయినా రెడ్ల విషయంలో ఫొటో పక్కన కాంట్రాక్టరునూ నిలబెట్టాడు. ఈ ఒక్క తేడా నెల్సన్ లైటింగ్ అంతటికంటే విలువైనది.

ఇక చేయాల్సిన పని ఒకటుంది. హైమన్‌డార్ఫ్ తీసిన వేల ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. భద్రాచలం ఐటీడీఏలో గిరిజన మ్యూజియం ఉంది. సోయాస్‌లోని కొండరెడ్ల చిత్రాల కాపీలు ఇక్కడికి తెప్పించడం ఐటీడీఏకు మోయలేని ఖర్చేమీ కాదు. ముంపు ఊళ్ల జనం పునరావాస కాలనీలకు చెదిరిపోకముందే ఆ ఫొటోలు వాళ్ల చేతుల్లో పెట్టాలి. ఎవరి తాత ఎవరో, ఏ గుట్ట ఎవరి పోడో చెప్పగలిగే ముసలివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల చేత పేర్లు రాయించాలి. మ్యూజియం గోడ మీద ‘కొండరెడ్డి పురుషుడు’ అని కాకుండా ఆ మనిషి పేరు, ఊరు, ఆ ఊరు ఎందుకు ఖాళీ అవుతోందో కూడా అదే పలక మీద ఉండాలి.