ఐదేళ్ళవాడికీ ఒక కొండ

"గుంటల్ని కొండల మీదికి సైకిళ్ళేసుకుని తీసుకెళ్తావేటి? కాలో చెయ్యో ఇరిగితే ఎవులు సూస్తారు?" అని మా పెద్దత్తయ్య అడిగారు. సంక్రాంతి సెలవుల్లో విశాఖ తీరాన రుషికొండలో మూడు రోజులు గది తీసుకుని, పిల్లలిద్దరితో సైకిళ్ళు తొక్కుదామనుకుంటున్నామని చెప్పినప్పటి మాట ఇది. ఆవిడ ప్రేమ కొద్దీ అడిగారు. అదే మాట ఆఫీసులో విన్నాను, అపార్టుమెంటు లిఫ్టులో విన్నాను, స్కూలు గేటు దగ్గరా విన్నాను. పెద్దయ్యాక చూసుకోవచ్చు కదా అన్నారు కొందరు. అంత ఇష్టమైతే మనాలి వెళ్ళండి, అక్కడ కొండలకి కొండలూ ఉంటాయి, మంచి సైకిళ్ళూ దొరుకుతాయి అన్నారు ఇంకొందరు. స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్టులో వదిలేస్తే పిల్లలకి అంతకన్నా ఏం కావాలన్నది ఎక్కువమంది మాట. మా పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి ఐదు. ఆ మూడు రోజులూ గడిపి వచ్చాక చెబుతున్నాను: ఈ సలహాల్లో ఏ ఒక్కటీ నిలబడదు.

ముందు భయం సంగతి. మా వీధిలో రోజూ ఎనిమిదింటికి ఒకే మోటారు సైకిలు మీద నలుగురు వెళ్తారు. ట్యాంకు మీద చిన్నది, తండ్రి వెనక పెద్దవాడు, ఆ వెనక తల్లి. ఎవరి తలకీ ఏమీ ఉండదు. ఆ తండ్రిని ఆపి "ఇదేం పని" అని అడిగినవాళ్ళు లేరు. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే తలకి హెల్మెట్, నడిపేవారితో కలిపి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఆ బెల్టు కట్టిన పిల్లని ఈ ఊళ్ళో నేనింకా చూడలేదు. అదే 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 44.5 శాతం రెండు చక్రాల మోటారు బండ్ల మీద వెళ్తున్నవాళ్ళే. రోజూ చేసే పని కాబట్టి ఆ ప్రమాదం మన కంటికి ఆనదు. పిల్లవాడు హెల్మెట్ పెట్టుకుని, నడక కన్నా కాస్త వేగంగా, ఖాళీ దారిలో తొక్కుతుంటే మాత్రం గుండెలు బాదుకుంటాం.

ఖాళీ దారి అన్న మాట నేను ఊరికే అనలేదు. సాయంత్రం పూట, అందులోనూ ఆదివారం, బీచ్ రోడ్డు మీదికి ఐదేళ్ళవాణ్ణి సైకిలుతో వదలడం తప్పే. కార్లు, బైకులు, మలుపు దగ్గర కూడా తగ్గని వేగం. అది నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ తప్పు సైకిలుది కాదు, పిల్లవాడిదీ కాదు. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని ఇళ్ళలో దాచుకోలేదు. వీధుల్లోకి వచ్చి రోడ్లనే మార్చమని పట్టుబట్టారు. ఇవాళ అక్కడ పిల్లలు తమంతట తాము సైకిలు మీద బడికి వెళ్తున్నారు. మన రోడ్లు మారేదాకా మన చేతిలో ఉన్నవి వేళా, దారీ. వాటిని ఎంచుకోవడానికే ప్రణాళిక కావాలి.

వేళ గురించి ఒక మాట. మనవాళ్ళకి సెలవులంటే మే నెల. విశాఖ తీరంలో మే నెల ఉక్కపోత పెద్దవాళ్ళనే కూలబెడుతుంది. పైగా మధ్యాహ్నానికి నైరుతి గాలి లేస్తుంది. భీమిలి వైపు తొక్కుతుంటే వీపున తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అలసిపోయిన పిల్లలకి ఆ గాలికి ఎదురు తొక్కడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు. దసరా సెలవులు తుపాన్ల కాలం. హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఊడ్చింది 2014 అక్టోబరు 12న. ఇక మిగిలింది సంక్రాంతి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మేమూ కదల్లేదు. కనుమ, ముక్కనుమ రోజుల్లో బీచ్ అంతా జనమే. అవి దాటాక, తెల్లారి ఆరున్నరకి వెలుగు వచ్చీ రాగానే బయల్దేరి, తొమ్మిదిన్నరకల్లా గదికి చేరిపోయేవాళ్ళం. రోజుకి మూడు గంటలు, అందులో సగం ఆగడానికే. మా వారికి మొదట్లో ఇది కష్టంగా ఉండేది. రుషికొండ నుంచి భీమిలి పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది, ఆయన ఒక్కరే అయితే గంటలో చేరతారు. కుటుంబంతో వెళ్ళేటప్పుడు దూరాన్ని కొలవాల్సింది తండ్రి కాళ్ళతో కాదు, చిన్నవాడి ఆకలితో.

రెండో రోజు తొట్లకొండ ఎక్కాం. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిపి స్తూపాన్నీ విహారాల్నీ బయటికి తీశారు. పైదాకా తారు రోడ్డే, గతుకుల కాలిబాట కాదు. అయినా ఐదేళ్ళవాడికి అది హిమాలయం. మొదటి మలుపు దాకా తొక్కాడు. తర్వాత నా సైకిలు క్యారియరుకి ఒక పాత ట్యూబు కట్టి, రెండో కొస వాడి హ్యాండిలుకి తగిలించాను. ట్యూబు సాగుతుంది కాబట్టి కుదుపు ఉండదు. ఎక్కేటప్పుడే, దిగేటప్పుడు ఎంతమాత్రం కాదు. మూడో మలుపు దగ్గర అందరం దిగి తోసుకుంటూ నడిచాం. "తోస్తే ఎక్కినట్టేనా అమ్మా?" అని అడిగాడు. ఎక్కినట్టేనని చెప్పాను. పైన తొట్ల దగ్గర కూర్చుని జంతికలు తింటూ సముద్రం చూస్తున్నప్పుడు, భిక్షువులు ఇక్కడికి నీళ్ళు ఎలా మోసుకొచ్చారని మా పాప అడిగింది. మోయనక్కర్లేకుండానే ఈ తొట్లు తొలిచారని చూపించాను. కారులో పైకి వచ్చుంటే ఆ ప్రశ్న దానికి పుట్టేది కాదు. నీళ్ళ సీసా బరువు దాని వీపుకి అప్పుడే తెలిసింది మరి.

ఇక మనాలి వాదన. కొండ సైకిలు అసలు ఎక్కడ పుట్టిందో చూడండి. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళని సెకండ్ హ్యాండ్‌లో కొని, తమ ఊరి కొండ మీది మట్టిదారుల్లో దూకించేవాళ్ళు. 1976లో పందేలు మొదలయ్యాయి. వెనక చక్రం బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది. దిగిన ప్రతిసారీ గ్రీజు మళ్ళీ నింపాల్సి రావడంతో ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరే పడింది. కొత్త సైకిళ్ళు, కంపెనీలు, ఖరీదైన సరంజామా అంతా ఆ తర్వాత వచ్చినవే. పాత సైకిలూ పక్కనున్న కొండా చాలని మొదలైన ఆటని, మనం లక్ష రూపాయల సైకిలూ వెయ్యి మైళ్ళ ప్రయాణమూ ఉంటేనే సాధ్యమనుకుంటున్నాం.

ఆ ఖరీదు పిచ్చి పిల్లలకి చేసే చెరుపు ఇంకా ఎక్కువ. షాపులో ఐదేళ్ళవాడికి ముందూ వెనకా షాకప్సర్లున్న సైకిలు అంటగడతారు. వాడి బరువు 17, 18 కిలోలు. సైకిలు పది కిలోలు. అరవై కిలోల మనిషికి ముప్ఫై నాలుగు కిలోల సైకిలు ఇచ్చి కొండెక్కమన్నట్టే. తేలిక సైకిలు, గేర్లు లేకపోయినా సరే, పాతదైనా సరే. చూడాల్సింది బ్రేకు. లివరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే లివరు హ్యాండిలుకి దగ్గరగా వచ్చి చిన్న వేళ్ళకి అందుతుంది. తొట్లకొండ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి వేళ్ళు విదిలించుకునేవాళ్ళం. ఆ స్క్రూ సంగతి సైకిలు అమ్మినవాళ్ళు నాకు చెప్పలేదు.

పక్క చక్రాల మీదా నాకు కోపమే. అవి నేర్పేది తొక్కడం, నిలబడటం కాదు. 1817లో జర్మనీలో డ్రైస్ చేసిన మొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ వెళ్ళేవాళ్ళు. మా బాబు సైకిలుకి పెడళ్ళు ఊడదీసి, సీటు కిందికి దించి, ఒక నెల అలాగే వదిలేశాం. పెడళ్ళు మళ్ళీ బిగించిన రోజే వాడు తొక్కేశాడు. నేను ఉక్కునగరంలో పెరిగాను. సెక్టార్ల మధ్య నాన్న సైకిలు మీద, బారు కిందినుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్నాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. అప్పుడు ఎవరూ పెద్దయ్యాక నేర్చుకోమనలేదు. పోర్టుకీ షిప్‌యార్డుకీ సైకిలు మీద డ్యూటీకి వెళ్ళిన మనుషులు కట్టిన ఊరిది. ఆ మనుషుల మనవలు ఇవాళ సైకిలు తొక్కేది అపార్టుమెంటు సెల్లారులో, స్తంభాల చుట్టూ.

అరకు ఎందుకు వెళ్ళలేదని కూడా అడిగారు. వెళ్తాం, కానీ ఘాట్ రోడ్డు మీద తొక్కుతూ కాదు. బస్సులూ లారీలూ తిరిగే ఆ మలుపుల్లో పిల్లలకి చోటు లేదు. కిరండూల్ రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళి, సైకిళ్ళు లోయలో దించుకుని, ఊళ్ళ మధ్య దారుల్లో తొక్కాలి.

ఈ ప్రయాణంలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం పిల్లల మాట నేను వినలేదు. ఆ ఎర్రటి వంపుల్లోకి సైకిళ్ళతో దిగుదామని ఇద్దరూ బతిమాలారు. వేల ఏళ్ళు గాలీ నీరూ పేర్చిన ఇసుక అది. 2014లో భూవారసత్వ సంపదగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఒక్క చక్రం గాడి చాలు, వాన నీరు అక్కడినుంచే కోయడం మొదలుపెడుతుంది. సైకిళ్ళు రోడ్డు పక్కన తాళం వేసి నడిచాం.

ఇదే తీరంలో రుషికొండనే 2021 నుంచి తవ్వి భవనాలు కట్టారు. వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ కొండకి ఏం కావాలని ఎందరో వాదించారు. దాని చుట్టూ పిల్లలు తొక్కుకోవడానికి రెండు మీటర్ల మట్టిదారి వేయమని అడిగినవాళ్ళు నాకు తారసపడలేదు. నేను అడుగుతున్నాను. సిమెంటు అక్కర్లేదు, దీపాలు అక్కర్లేదు. మట్టి గుట్టలు నాలుగు, వంపులు నాలుగు, మోటారు బండి దూరకుండా ఒక అడ్డుకట్ట.

మూడో రోజు మధ్యాహ్నం గది వెనక కుళాయి దగ్గర నాలుగు సైకిళ్ళూ మంచినీళ్ళతో కడిగాం. ఉప్పుగాలికి చైన్లు రెండు రోజులకే ఎర్రబారాయి. పాప పాత గుడ్డతో తుడుస్తుంటే, బాబు ఒక్కో లింకు మీదా నూనె చుక్క వేస్తూ కూర్చున్నాడు. పెద్దత్తయ్య ఫోను చేసి, "ఏటమ్మా, గుంటలకి దెబ్బలేటి తగల్లేదు కదా?" అన్నారు. బాబు మోచేతికి చిన్న గీత పడిందని చెప్పాను. వాడు ఫోను లాక్కుని, "మామ్మా, వచ్చే పండక్కి పావురాలకొండ, నువ్వూ రా," అన్నాడు.