బొగ్గు కడుగుతారట, పాదరసం ఎవరి నెత్తిన పోస్తారు?

2025లో సిక్కోలు జిల్లా సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో థర్మల్ కేంద్రం మాట మళ్లీ లేచింది. జనం ఎదురుతిరిగినప్పుడల్లా వినిపించే పాట ఒకటుంది: బొగ్గును ముందే కడిగేస్తాం, విషం పోతుంది. ఇందులో నిజమెంత?

కొంత నిజం ఉంది. బొగ్గులోని పాదరసంలో చాలా భాగం గంధకం, ఇనుము కలిసిన రాయిని అంటుకుని ఉంటుంది. బొగ్గును నలగ్గొట్టి నీళ్లలో కడిగితే బరువైన ఆ రాయి అడుగుకు దిగుతుంది. దాంతోపాటు కొంత పాదరసమూ పోతుంది. బొగ్గులోనే ఇమిడిపోయింది మాత్రం పోదు. పోయిందైనా మాయం కాదు, కడిగిన బురదలో చేరుతుంది. ఆ బురద ఎవరి చెరువు పక్కన పోస్తారు?

లెక్క చూద్దాం. టన్ను బొగ్గులో పాదరసం 0.1 గ్రామే అనుకుందాం. సోంపేట, కాకరాపల్లిలో తలపెట్టినవి ఒక్కోటి 2,640 మెగావాట్లు. అంత కేంద్రానికి ఏడాదికి కోటి టన్నుల బొగ్గు కావాలి. అంటే వెయ్యి కిలోల పాదరసం! మంటలో అది ఆవిరవుతుంది. కొంత బూడిదలో చిక్కుతుంది, మిగిలింది గొట్టం దాటుతుంది. నీళ్లలో పడ్డది చేపల ఒంట్లో పేరుకుంటుంది. జపాన్‌లోని మినమటలో పాదరసం కలిసిన చేపలు తిన్నవాళ్ల నరాలు చచ్చుబడిన సంగతి 1956లోనే లోకానికి తెలిసింది. భావనపాడు నుంచి బారువ దాకా మన గంగపుత్రులు బతికేది చేపల మీదే కదా!

ఉద్దానం కిడ్నీ జబ్బుకు పాదరసమే కారణమని మేం అనడం లేదు. కానీ ఇప్పటికే రోగాలతో కుంగిన నేల మీద మరో విషం కుమ్మరిస్తామంటే ఒప్పుకోం.

చట్టాలున్నాయి కదా అంటారా? గొట్టం నుంచి వచ్చే పొగలో పాదరసం ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములు మించొద్దని 2015 డిసెంబరులో కేంద్రం చెప్పింది. 2018లో మినమట ఒప్పందాన్ని ఆమోదించింది. ఇక బూడిద 34 శాతం మించిన బొగ్గును దూరాన ఉన్న కేంద్రాల్లో కాల్చకూడదన్న నిబంధన వల్లే చాలా బొగ్గు కడగాల్సి వచ్చేది. 2020 మేలో దాన్నే ఎత్తేశారు. కడగమనే నిబంధనే తీసేసినవాళ్ల మాట నమ్మి ఊళ్లు అప్పగించాలా?

సోంపేట బీలలో 2010 జులై 14న, కాకరాపల్లి తంపరలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు తూటాలకు మనవాళ్లు నేలకొరిగారు. ఆ రెండుచోట్లా బొగ్గు మండలేదు. పాదరసాన్ని మొత్తంగా ఆపింది ఏ యంత్రమూ కాదు, ఆ జనమే.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన రోజు వెళ్లి మూడే ప్రశ్నలు అడగండి. బొగ్గులో పాదరసమెంత? కడిగిన బురద ఎక్కడికి? పొగను కొలిచి ప్రతినెలా పంచాయతీ గోడ మీద అంటించేదెవరు? జవాబు కాగితం మీద రాసివ్వనిదే సంతకం పెట్టొద్దు.