కాలికి బనియనేంటి?

డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూసి "నీకు బనియన్ ఉందమ్మా" అన్నారు. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో బనియన్ అంటే నాన్న చొక్కా లోపల వేసుకునేది. కాలికి బనియనేంటి?

నాలుగేళ్ల కిందటి మాట. అప్పట్లో ఒక హోటల్లో రిసెప్షనిస్టుని. ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం. యూనిఫాంతో పాటు ముందువైపు సన్నగా మొనదేలిన నల్ల హీల్స్. షిఫ్టు అయ్యేసరికి కుడికాలి బొటనవేలి మొదట్లో ఎముక ఎర్రగా ఉబ్బి ఒకటే సలుపు. మెట్రోలో సీటు దొరికితే ముందు షూ విప్పేదాన్ని, ఆ తర్వాతే ఫోన్ తీసేదాన్ని.

అక్కడ కొత్త ఎముక మొలిచిందనుకున్నా. కాదట. బొటనవేలు పక్కవేలి వైపు వాలిపోతుంది. దాని వెనకున్న ఎముక బయటికి జరుగుతుంది. రెండూ కలిసే కీలు బుడిపెలా పొడుచుకొస్తుంది. వైద్య భాషలో హాలక్స్ వాల్గస్. ఎక్స్‌రేలో వేలి వంపు 15 డిగ్రీలు దాటితే మామూలు కాదన్నట్టే. ఇలాంటి పాదం తరచూ వంశంలోనే వస్తుంది. ఇరుకు షూ, హీల్స్ దాన్ని ముదరబెడతాయి.

"ఆపరేషన్ చేయాలా?" అన్నా భయంగా.

"మిగతావన్నీ చేసి చూశాక కూడా నొప్పి తగ్గకపోతే ఆలోచిద్దాం. చూడ్డానికి బాలేదని మాత్రం చేయించుకోకు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఆపరేషన్ లేకుండా ఎముక వెనక్కి వెళ్లదు, నొప్పిని మాత్రం చాలావరకు తగ్గించుకోవచ్చు.

అప్పటికే నేను ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి, రాత్రిపూట కట్టుకునే పట్టీ కొనేశాను. కట్టుకున్నంతసేపు వేలు బుద్ధిగా నిటారుగా ఉండేది. విప్పగానే మళ్లీ మామూలే. రెండు నెలలకి అర్థమైంది.

నాకు నిజంగా పనికొచ్చింది ఒక తెల్లకాగితం. దాని మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. ఆ బొమ్మ మీద మీ షూ పెట్టండి. నా పాదం గీత షూకి రెండుపక్కలా బయటికొచ్చింది! అంత పాదాన్ని రోజూ అందులో కుక్కుతున్నానన్నమాట. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. లోపల వేళ్లన్నీ ఆడాలి. మడమ ఎత్తు తక్కువుండాలి. బుడిపె మీదికి కుట్టు రాకూడదు.

బుడిపె రాసుకోకుండా మెత్తటి జెల్ ప్యాడ్ పెట్టుకున్నా. వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ ముక్క కూడా హాయిగానే ఉంటుంది, కానీ షూ వెడల్పుగా ఉంటేనే. ఇరుకు షూలో పెడితే ఇంకా నలుగుతుంది. ఇంటికి రాగానే ఐస్‌ని గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు. నేల మీద టవల్ పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవడం, వేళ్లు విప్పార్చడం, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం. ఇవన్నీ ఒక రీల్ చూసినంతసేపట్లో అయ్యేవి కావు, పది నిమిషాలు పడుతుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే.

అసలు చిక్కు ఉద్యోగంతో వచ్చింది. వెడల్పాటి ఫ్లాట్ షూ వేసుకుంటానంటే మేనేజర్ "రిసెప్షన్‌లో లుక్ ముఖ్యం కదా" అన్నారు. ఉద్యోగం పోతుందేమోనని రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు డాక్టర్ చీటీ పట్టుకెళ్లి, "సార్, నా కాళ్లు కౌంటర్ వెనకుంటాయి. గెస్టులకి కనిపించవు" అన్నా. ఆయన ఒకసారి కౌంటర్‌కేసి, ఒకసారి నాకేసి చూసి సరేనన్నారు. ఆరువారాలకి నడక మామూలైంది. బుడిపె ఇప్పటికీ ఉంది. సలుపే లేదు.

ఒక జాగ్రత్త. ఉన్నట్టుండి కీలు వాచి, ఎర్రబడి, వేడెక్కితే అది గౌట్ కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే డాక్టరుకి చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు, పాదాలు మొద్దుబారినవాళ్లు, పుండు పడ్డవాళ్లు సొంత వైద్యం అసలొద్దు.

ఆ పండక్కి ఊరెళ్లి ఇదంతా అమ్మకి గొప్పగా చెప్పా. "ఓస్, ఇదా? నాకెప్పట్నుంచో ఉంది" అంటూ చీర కుచ్చిళ్లు పైకెత్తి పాదం ముందుకు చాపింది. బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కేసి ఉంది. మధ్యలో నలిగిన మెట్టె. దాని కింద చర్మం కాయ కాసింది.

"ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"చెబితే మెట్టెలు తీసేయమంటారు. ఎందుకొచ్చిన గొడవ."

తీయమనలేదు. కంసాలి దగ్గర సన్నటి, వదులైన మెట్టెలు చేయించాం. కాగితం మీద తన పాదం గీసి, ఆ కొలతకి చెప్పులు కొన్నాం. "ఇంత వెడల్పా, మగాళ్ల చెప్పుల్లా" అని గొణిగింది. వారం తర్వాత ఫోన్ చేసి, గుడికి నడిచే వెళ్లొచ్చానంది.

ఈ రాత్రి మీరూ ఓ కాగితం తీసి మీ పాదం గీసి చూడండి. ఇంకో కాగితం మీద అమ్మ పాదం కూడా గీయండి. తనంతట తను చెప్పదు.