ఉడకబెట్టారో, గోవిందా!

మిషెల్ కమ్మూన్ తీసిన లెబనాన్ చిత్రం ‘ఫలాఫెల్’ (2006) చూశారా? కథంతా బీరూట్‌లో ఒక్క రాత్రే. పార్టీకని బయల్దేరిన కుర్రాడు అవమానపడి పగబడతాడు. సరే, సినిమా సంగతలా ఉంచి మూకుడు దగ్గరికి రండి.

ఇది మన మసాలా వడకి దూరపు చుట్టం. ఈజిప్టు వాళ్లు ఫావా గింజలతో చేసి ‘తామియా’ అంటారు. లెబనాన్, పాలస్తీనాల్లో కాబూలీ శనగలు. ఇజ్రాయెల్ ‘మా జాతీయ వంటకం’ అంటుంది, పాలస్తీనీయులు ‘మాది లాక్కున్నారు’ అంటారు. ఊళ్లు పోగొట్టుకున్న వాళ్ల పేచీ అది, నాకు నవ్వు రాదు.

శనగలు రాత్రంతా నానాలి. ఉడకబెట్టారో, నూనెలో విడిపోయి గోవిందా! నీళ్లు వంచి, గుడ్డమీద ఆరబెట్టి ఉల్లి, వెల్లుల్లి, బోలెడు కొత్తిమీర, జీలకర్ర, ఉప్పుతో బరకగా రుబ్బండి. చుక్క నీళ్లు పోయొద్దు. ముందు ఒక్కటే వేసి చూడండి. విరిగితే చెంచాడు శనగపిండి కలపండి. మంట మధ్యస్థం. పైన ఎర్రగా, విరిస్తే లోపల పచ్చగా ఉండాలి.

నువ్వుల ముద్దలో నిమ్మరసం పిండితే మొదట బిగుసుకుంటుంది. కంగారుపడకండి, నీళ్లు పోస్తూ గిలకొడితే తెల్లగా జారుతుంది. పీటా రొట్టె, టమాటా, కీరా, ఊరగాయ ముక్కలు... అంతే!

ఇంట్లో గల్ఫ్ వెళ్లొచ్చిన అన్నయ్య ఉంటే ముందు ఆయనకే పెట్టండి. ‘జీలకర్ర చాల్లేదు’ అంటే వాదించకండేం!