పురిటి గదిలో పోలీసులకేం పని?

కొకైన్ రక్తనాళాలను బిగిస్తుంది. కడుపుతో ఉన్న మనిషి వాడితే బీపీ అమాంతం పెరుగుతుంది, బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. ఒక్కోసారి కాన్పు కాకముందే మాయ ఊడివచ్చి తల్లీబిడ్డలిద్దరి ప్రాణం మీదికి వస్తుంది. నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ పిల్లలు సరేసరి. మెథాంఫెటమిన్‌తోనూ దాదాపు ఇదే తంతు. వీటి మీద తగాదా లేదు. తగాదా అంతా ఆ తల్లిని ఏం చేయాలన్న దగ్గరే.

అమెరికా ఈ ప్రశ్నకు ఒకప్పుడు చాలా తప్పుడు జవాబు చెప్పింది. 1985లో ఐరా చాస్నాఫ్ అనే వైద్యుడు కొకైన్ వాడిన 23 మంది గర్భిణుల మీద ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఇరవై మూడంటే ఇరవై మూడే. అది మొదలు, కొకైన్ తల్లులకు పుట్టే తరం మొత్తం బుద్ధిమాంద్యంతో మిగిలిపోతుందని పత్రికలు, టీవీలు హడలెత్తించాయి. పొగగా పీల్చే కొకైన్ ‘క్రాక్’ పేరు మీద ‘క్రాక్ బేబీ’ అన్న ముద్ర పసిగుడ్ల నొసటన పడిపోయింది.

ఆ హడావుడిలోనే 1989లో సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్‌లో ప్రభుత్వ బోధనాసుపత్రి పోలీసులతో చేతులు కలిపింది. గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమో చూసి, ఉంటే పోలీసులకు కబురు పెట్టడం పద్ధతి. కొద్ది నెలలకు, చికిత్సకు ఒప్పుకుంటే అరెస్టు ఉండదన్న వెసులుబాటు ఇచ్చారు. ఎవరిని పరీక్షించాలో చెప్పే జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: గర్భిణిగా ఆసుపత్రికి ముందెన్నడూ రాకపోవడం, ఆలస్యంగా రావడం కూడా అనుమానించదగ్గ లక్షణాలే! ఆలస్యంగా వస్తే అనుమానం, అనుమానం వస్తే పోలీసులు. ఇక ఏ తల్లి వస్తుంది? పురుడు పోసుకున్న కాసేపటికే బేడీలు వేయించుకున్న వారూ ఉన్నారు. అరెస్టయిన 30 మందిలో 29 మంది నల్లజాతి స్త్రీలు. రోగి ఒప్పుకోలు లేకుండా పోలీసు సాక్ష్యం కోసం చేసే ఇలాంటి పరీక్ష రాజ్యాంగ విరుద్ధమని 2001లో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో తేల్చింది.

పిల్లల సంగతేమిటి? ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ అనే వైద్యురాలు 1989 నుంచి 224 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. సగం మంది తల్లులు కొకైన్ వాడినవారు, సగం మంది వాడనివారు; అందరూ పేదలే. నాలుగేళ్ల వయసులో సగటు ఐక్యూ మొదటి జట్టుకు 79, రెండో జట్టుకు 81.9. తేడా స్వల్పం, కానీ రెండూ తక్కువే. ఏడేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల్లో 74 శాతం తుపాకీ మోతలు విన్నారు. 19 శాతం వీధిలో శవాన్ని చూశారు. కొకైన్ కంటే పేదరికమే పెద్ద దెబ్బ కొట్టిందని హర్ట్ తేల్చారు. ఆ మాటకొస్తే, గర్భస్థ శిశువు మెదడుకు మద్యం చేసే చేటు ఇంతకంటే బాగా రుజువైనది. అది దుకాణంలో దర్జాగా దొరుకుతుంది.

కొకైన్ వ్యసనాన్ని మాన్పించే ఆమోదిత మందు నేటికీ లేదు. ఉన్నది కౌన్సెలింగ్, పరీక్షలో శుభ్రంగా తేలిన ప్రతిసారీ చిన్న బహుమానం ఇచ్చే పద్ధతి, క్రమం తప్పని గర్భిణీ పరీక్షలు. ఇవన్నీ ఆమె మళ్లీ మళ్లీ ఆసుపత్రి గడప తొక్కితేనే సాగే పనులు. కానీ ఆ గడప దగ్గరి కేసు భయం సౌత్ కరొలైనాలో పోలేదు: బయట బతకగల దశకు చేరిన గర్భస్థ శిశువుకు హాని చేస్తే తల్లిపై పిల్లల నిర్లక్ష్యం కేసు పెట్టవచ్చన్న 1997 నాటి రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పును 2001 తీర్పు తాకలేదు.