‘గుంటూరు తీసుకెళ్లండి’ అన్న మాటే చికిత్సా?

రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కితే అవతల దివిసీమ, అక్కడే మోపిదేవి. 2018 ఆగస్టులో ఆ సీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ ఎవరో ఒకరిని మోసుకొచ్చారు. ఆ నెలాఖరున దేవాదాయ శాఖ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పయాగం చేయించింది. స్వామిని నమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను. కష్టంలో ఉన్నవాడు దేవుడికి మొక్కుతాడు. కానీ ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది. యాగానికి ముహూర్తం పెట్టినంత శ్రద్ధగా, అర్ధరాత్రి మా ఊరి ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు ఎక్కించే మనిషి ఉన్నాడా లేడా అని ఏటా తొలకరికి ముందు ఎవరైనా చూస్తున్నారా? చూసి ఉంటే ఈ మాటలు రాసే అవసరం నాకు ఉండేది కాదు.

ఆపద అనగానే నల్లమల లాంటి కీకారణ్యాలు గుర్తొస్తాయి. కానీ కొల్లూరు లంకల్లో అరటి గెలలు కోసేవాడికి, నిజాంపట్నం మడ అడవుల్లో పీతల కోసం బురదలో దిగేవాడికి, రొయ్యల చెరువు గట్టు మీద చాప పరుచుకుని కాపలా పడుకునేవాడికి వైద్యం అంతకన్నా దగ్గరగా ఏమీ లేదు. 108 వచ్చినా రేవు దాకే వస్తుంది. అక్కడిదాకా మనిషిని మంచం మీదో పడవలోనో తేవాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు ఆ రేవులే మునిగిపోయాయి. మెరకల మీదికి మనుషులూ పాములూ కలిసే చేరాల్సి వచ్చింది.

ముందు కందిరీగ సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అరటి ఆకు చాటునున్న తుట్టె కదులుతుంది, నాలుగు కుడతాయి. చాలామందికి వాపు, మంట, అంతే. కొందరికి మాత్రం పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు ఉబ్బుతాయి, గొంతు పూడుకుపోతుంది, బీపీ పడిపోతుంది. రొయ్య తిన్నా, పడని యాంటీబయాటిక్ సూది పొడిపించుకున్నా ఇదే జరగవచ్చు. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. పావుగంటలో గుండె ఆగిపోవచ్చు. దీనికి మొదటి మందు ఒక్కటే: అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలో పొడవాలి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి, ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. మన ఊళ్లలో జరిగేది వేరు. అవిల్ ఒకటి, డెక్సా ఒకటి పొడిచి ‘కాసేపు చూద్దాం’ అంటారు. ఆ రెండూ అడ్రినలిన్ చేసే పని చేయలేవు. చూస్తూ ఉండగానే మనిషి పోతాడు. ఊరు మాత్రం ‘పాపం, ఆయుష్షు అంతే’ అని సరిపెట్టుకుంటుంది.

ఇక్కడే నాకు కడుపు రగిలిపోతుంది. పిల్లలకు టీకాలు వేసే ఏఎన్ఎం అనాఫిలాక్సిస్ కిట్ దగ్గర పెట్టుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. టీకా వికటించిందన్న అనుమానం వస్తే ఒక డోసు అడ్రినలిన్ ఇచ్చేందుకు ఆమెకు శిక్షణ ఉంది, అనుమతీ ఉంది. అంటే ఆ మందు ఊళ్లోకి వస్తోంది, పొడిచే చెయ్యీ ఊళ్లోనే ఉంది. టీకా వేసిన బిడ్డకు పనికొచ్చే సూది, కందిరీగలు కుట్టిన ఆ బిడ్డ తల్లికి ఎందుకు పనికిరాదు? అడ్రినలిన్ ఆంపూల్ ఖరీదైనదా అంటే అదీ కాదు. పొలం గట్టు మీద ఇద్దరు తాగే టీ ఖర్చుతో పోల్చదగ్గది. ఒక శిక్షణ, ఒక ఉత్తర్వు కావాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టే తీరిక ఎవరికీ లేదా?

ఇక పురుగు ముట్టిన సంగతి, అంటే పాముకాటు. పాము విరుగుడును గుర్రాల రక్తం నుంచి తీస్తారు. అందుకే అది ఎక్కించేటప్పుడు కొందరికి అనాఫిలాక్సిస్ వస్తుంది. వస్తే ఇవ్వాల్సింది మళ్లీ అడ్రినలిన్నే. సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని విరుగుడు మొదలుపెట్టాలి. విషం ఎక్కిన లక్షణాలుంటే ఎనిమిది నుంచి పది వయల్స్, పెద్దలకైనా పిల్లలకైనా అంతే. రక్తపింజరి విషం ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టిందో లేదో కంటికే కనిపిస్తుంది. ఇదంతా పీహెచ్‌సీలో చేయదగ్గ పనే. కానీ జరిగేదేమిటి? రియాక్షన్ వస్తే చుట్టాలు కొడతారేమోనన్న భయం, ఎప్పుడూ చేయని పని చేయాలన్న భయం. చీటీ మీద ‘రిఫర్’ అని రాస్తారు. రేపల్లెలో ఆ మాట, తెనాలిలో ఆ మాట. ‘గుంటూరు తీసుకెళ్లండి.’ రేపల్లె నుంచి గుంటూరు దాదాపు 60 కిలోమీటర్లు. కట్లపాము కరిచినవాడి కనురెప్పలు భట్టిప్రోలు దాటేసరికి వాలిపోతే, వేమూరు దగ్గర ఊపిరి ఆగిపోతే, బండిలో అంబు బ్యాగు నొక్కే మనిషైనా ఉండడు. మందు బీరువాలో ఉండగానే మనిషి దారిలో పోవడాన్ని నేను ప్రమాదం అనలేను.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని మిలియన్ డెత్ స్టడీ లెక్కగట్టింది. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో మనదీ ఉంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ విషమున్న పాములకు పేరుపడ్డ ఆస్ట్రేలియాలో ఏడాదికి చనిపోయేది ఇద్దరో ముగ్గురో. అక్కడి పాములేమీ మెత్తనివి కావు. కట్టు ఎలా కట్టాలో జనానికి తెలుసు, మందు అందుతుంది. అంత దూరం దేనికి? మహారాష్ట్రలో మహాడ్ ప్రాంతపు పీహెచ్‌సీలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, తేలుకాటుతో పిల్లలు చనిపోతుంటే ‘పెద్దాసుపత్రికి పొండి’ అనలేదు. మంచాల పక్కనే కూర్చుని, బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర ఆ ప్రాణాలను నిలబెడుతుందని లోకానికి చూపించాడు. చిన్న ఆసుపత్రిలో పెద్ద వైద్యం కుదరదన్నవాళ్లకు ఆయన జీవితమే జవాబు.

మన తప్పూ ఉంది, దాన్ని దాచను. కాటు పడగానే తాడుతో బిగించి కడతాం, బ్లేడుతో గాటు పెడతాం, పసరు పోస్తాం, మంత్రగాడి గుమ్మంలో గంట పోగొడతాం. చేయాల్సింది ఇంతే: కదలనీయకుండా పడుకోబెట్టాలి, ఉంగరాలూ గాజులూ తీయాలి, కాలికో చేతికో బద్ద పెట్టి వదులుగా కట్టాలి, నేరుగా ఆసుపత్రికి తేవాలి. ఈ నాలుగు మాటలు మన బడుల్లో ఎవరు చెబుతున్నారు? ఎకరాలకు ఎకరాలు చెరువులు తవ్వించిన ఆసామి, గట్టు మీద కాపలావాడికి ఒక మంచం, దోమతెర, టార్చిలైటు ఎందుకు కొనివ్వడు? రొయ్యకు జబ్బు చేస్తే రాత్రికి రాత్రే మందు తెప్పించేవాడికి మనిషి ప్రాణం అంత చవకైందా?

2030 నాటికి పాముకాటు చావులను సగానికి తగ్గిస్తామని 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ సగం చావులు ఢిల్లీలో తగ్గవు. కొల్లూరులో, నిజాంపట్నంలో, అడవులదీవిలో తగ్గాలి. కాబట్టి బాపట్ల, గుంటూరు జిల్లాల కలెక్టర్లనూ వైద్యాధికారులనూ అడుగుతున్నాను. ప్రతి పీహెచ్‌సీలో విరుగుడు, అడ్రినలిన్, అంబు బ్యాగు ఎన్ని ఉన్నాయో, రాత్రి డ్యూటీ ఎవరిదో గోడ మీద రాయించండి. మొదటి డోసు ఇవ్వకుండా రిఫర్ చేసిన ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఇచ్చిన డాక్టరుకు మాత్రం రక్షణగా నిలబడండి. అడ్రినలిన్ ఇచ్చే అనుమతిని ఏఎన్ఎంలకు టీకా గదికే కట్టేయకండి. లంక రేవుల్లో వానాకాలమంతా ఒక పడవ సిద్ధంగా ఉంచండి. ఇవేవీ కోట్ల పనులు కావు. అయినా చేయకపోతే, రేపు గట్టు మీద పోయే ప్రాణానికి పాము పేరో కందిరీగ పేరో రాయకండి. మీ పేర్లే రాసుకోండి.